లూర్దమ్మ శుక్రవారం

ఈ హోటల్లో శుక్రవారం గోడలకు సెలవు. నేను నిద్ర లేచేసరికి మా గదికి కాళ్లవైపు గోడ లేదు. మంచం అయిపోయిన చోట చర్చి మొదలవుతోంది.

చర్చి పొడవుగా, చల్లగా ఉంది. కిటికీలకు మామూలు అద్దాలే. వాటిలోంచి ఎదురుగా మసీదు మీనారు, దాని మీద వాలిన పావురాలు కనిపిస్తున్నాయి. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు వచ్చి కూర్చుంటున్నారు. ఆడవాళ్లంతా చీరల్లో ఉన్నారు, తలమీద కొంగు కప్పుకున్నారు, తెలుగులో దగ్గుతున్నారు.

మావారు ఇంకా నిద్రపోతున్నారు. లుంగీ మోకాళ్ల పైకి పోయింది. బనీనుకు పొట్ట దగ్గర ఒక చిరుగు ఉంది. కుడదామనుకుంటూనే ప్రయాణం హడావుడిలో వదిలేశాను. ఆయన అరికాళ్లు రెండూ సరిగ్గా బలిపీఠం వైపు ఉన్నాయి. వచ్చేవాళ్లు ఆ కాళ్లను చూసి, మర్యాదగా చూపు తిప్పుకుంటున్నారు. కాళ్లకంటే ఆ మర్యాదకే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

దుప్పటి కప్పుతాను. పైకి లాగితే కాళ్లు బయటపడుతున్నాయి, కిందికి లాగితే పొట్ట బయటపడుతోంది. రాత్రి ఇదే దుప్పటి మా ఇద్దరికీ సరిపోయింది.

కింద మేనేజరుకు ఫోన్ చేస్తాను. ఆయన హిందీలో నెమ్మదిగా మాట్లాడతాడు.

"గోడ ఎప్పుడొస్తుందండీ?"

"సాయంత్రానికల్లా వచ్చేస్తుంది బెహన్‌జీ. దానికీ ఇల్లూ వాకిలీ ఉన్నాయి కదా."

"మావారు నిద్రపోతున్నారు."

"పర్వాలేదు. వాళ్లు చప్పుడు చెయ్యరు."

నిజంగానే వాళ్లు చప్పుడు చెయ్యడం లేదు. నేను స్నానం చేసి, సూట్‌కేసు అడుగున ఉన్న నేతచీర తీసి కట్టుకుంటాను. ఆయన పాదాలకూ బలిపీఠానికీ మధ్య నేను అడ్డంగా ఉంటే కొంత నయమనిపిస్తుంది. మంచానికి ఆనుకుని ఉన్న చివరి బెంచీ మీద కూర్చుంటాను.

నా పక్కనున్న ఆవిడ జరిగి చోటిస్తుంది. నా వయసే ఉంటుంది. ఆకుపచ్చ చీర మీద గులాబీ రంగు పూలు అచ్చువేసి ఉన్నాయి.

"కొత్తగా వచ్చారా అక్కా? ఎవరింట్లో?"

"ఎవరింట్లోనూ కాదు. టూరుకి వచ్చాం."

"ఈ దేశానికి టూరుకా? ఏం చూశారు?"

"బజారు చూశాం, మ్యూజియం చూశాం. నిన్న ఎడారిలో పొద్దు కుంకడం చూపించారు."

"ఎడారి బాగుంటదా? నేనొచ్చి ఏళ్లయిపోయింది గానీ చూళ్లా. మా వంటింట్లోంచి కనపడదు."

ఆవిడ పేరు లూర్దమ్మ. ఊరు ఫిరంగిపురం పక్కనే. ఇక్కడ ఒక పెద్దింట్లో వంట చేస్తుంది, పిల్లల్ని చూసుకుంటుంది. ఇవన్నీ చెప్పి, వెనక్కి తిరిగి మంచం వైపు చూస్తుంది.

"మీ ఆయనేనా?"

"అవును."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఆదివారాలు ఆలస్యంగా లేస్తారు."

"ఇయ్యాల శుక్రవారం గదా అక్కా."

"ఈ దేశంలో శుక్రవారమే మనకు ఆదివారం అని గైడు చెప్పాడు. అది విన్న దగ్గర్నించీ పడుకున్నారు."

లూర్దమ్మ అర్థమైనట్టు తలాడిస్తుంది. "మాకూ అంతే. ఆదివారం పూజ శుక్రవారం నాడు చేసుకుంటాం. ఆదివారం ఎవరు వదుల్తారు? ఇదన్నా మేడం మీద పోరి పోరి సంపాయించుకున్నా. మధ్యాహ్నం నమాజుకు పిలిచే లోపల నేను వ్యానెక్కాలి. ఎక్కితే వచ్చే శుక్రవారం కూడా నాదే. ఒక్కసారి ఎక్కకపోయినా ఇంక నాకు శుక్రవారం ఉండదు."

"ఉండకపోవడం ఏమిటి?"

"గురువారం అయినాక శనివారం వస్తది. మా పక్కింట్లో పనిచేసే విక్టోరియమ్మకు అట్టానే వస్తంది. ఆమె ఈ చీర కట్టుకునే రోజే లేదని నాకిచ్చేసింది."

"మీ మేడం అంత కఠినమైన మనిషా?"

"మంచిదే అక్కా. ఆమె గడియారమే మంచిది కాదు."

పూజ మొదలవుతుంది. ఫాదర్ రాయప్ప బక్కగా, పొడుగ్గా ఉన్నారు. ఆయన పెద్ద గొంతుతో మొదటి మాట అని, మంచం వైపు చూసి, మిగతా మాటలు గుసగుసగా చెబుతారు. అందరూ గుసగుసగానే జవాబు చెబుతారు. పాటలు కూడా పెదవులతోనే పాడుతున్నారు. తబలా వాయించే ఆయన వేళ్ల చివర్లతో తాకుతూ, మావారి గురకకు తగ్గట్టు తాళం మార్చుకుంటున్నాడు. వారానికి ఒక్కసారి పాడుకోవడానికి వచ్చినవాళ్లు మా కోసం గొంతు మింగుకుంటున్నారు. నేను నేలవైపు చూస్తూ కూర్చుంటాను. వాళ్లు నిలబడినప్పుడు నేను కూర్చుని ఉన్నాను. నేను నిలబడేసరికి వాళ్లు మోకరించి ఉన్నారు.

తర్వాత అందరూ వరుసగా ముందుకు కదులుతారు. నా బెంచీ ఖాళీ అవుతుంది. ఒక్కదాన్నే కూర్చుంటే వాళ్లు ఇచ్చేది నాకు వద్దన్నట్టుంటుందని నేనూ వరుసలో నిలబడతాను. నా వంతు వస్తుంది. తీర్థానికి పట్టినట్టు కుడి అరచెయ్యి గుంట చేసి పడతాను. ఫాదర్ నా అరచేతిలో తెల్లటి, పల్చటి బిళ్ల పెడతారు. వాళ్లు దాన్ని అప్పం అంటారు. కళ్లకద్దుకుంటాను. ఏ గుళ్లో ఏది పెట్టినా చేసినట్టే, మావారి కోసమని కొంగు చివర వేసి ముడి వేస్తాను. పక్కకు చూస్తే, ముందు వెళ్లినవాళ్లందరి చేతులూ ఖాళీగా ఉన్నాయి. అందరూ అక్కడికక్కడే నోట్లో వేసుకున్నారు.

అప్పటికే నా వెనకవాళ్లు నన్ను తోసుకుంటూ ముందుకు వస్తున్నారు. ముడి విప్పడానికి వ్యవధి లేదు. బెంచీకి తిరిగొచ్చి, కొంగు ఒళ్లో దాచుకుంటాను.

ఫాదర్ గిన్నె తుడుస్తారు. గిన్నెలోకి చూస్తారు. మళ్లీ తుడుస్తారు.

"ఒకటి ఇంకా ఎవరూ తినలేదు," అంటారు గుసగుసగా. "తినేదాకా ముగించడానికి వీల్లేదు." కోపం ఏమీ లేదు. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు ఎదురుచూడడం మొదలుపెడతారు.

నా ఒళ్లో ముడి బరువెక్కుతోంది. ముందు పాల ప్యాకెట్టంత ఉంది. కాసేపటికి నిద్రపోయే పసిబిడ్డంత అవుతుంది, వెచ్చగా కూడా ఉంది. కొంగు భుజం మీద కోసుకుపోతోంది. నేను నిటారుగా కూర్చుని, ఏమీ లేనట్టు ముందుకు చూస్తున్నాను.

కిటికీలో మీనారు నీడ కురచవుతోంది. లూర్దమ్మ నీడనే చూస్తోంది.

లేచి మంచం దగ్గరికి వెళ్తాను. ఆయన చెవి దగ్గర వంగుతాను.

"ఏవండీ, ఇది తినండి."

ఆయన కళ్లు తెరవరు. "మూత పెట్టి ఉంచు. లేచాక తింటా."

"ఇప్పుడే తినాలటండీ. ఒకావిడ శుక్రవారం పోతుంది."

"రేపు తీసుకోమను."

"రేపు శనివారం."

"అయితే సరే," అని అటు తిరిగి పడుకుంటారు. ఇప్పుడు ఆయన అరికాళ్లు కిటికీలోని మీనారు వైపు ఉన్నాయి. ఇటు చర్చికీ అటు మసీదుకీ మొహం చూపించలేక, తిరిగి బెంచీ మీద కూర్చుంటాను.

తలుపు దగ్గర ఒక పెద్దాయన వచ్చి నిలబడతాడు. తెల్లటి టోపీ, చేతిలో వ్యాను తాళాలు. లూర్దమ్మ వాళ్ల మేడం డ్రైవరు, గౌస్ భాయ్. నిజామాబాదు మనిషి.

"ఇంకెంత సేపు లూర్దమ్మా? నమాజుకు యాళ్లయితాంది. నేను సుత పోవాలె గద."

"పూజ అయిపోలేదు గౌస్ భాయ్."

"ఎందుకు అయిపోలె?"

"ఎవురో తినలేదంట."

"తినమనున్రి మరి." ఆయన చర్చినంతా ఒకసారి కలయజూసి, మావారి దగ్గర చూపు ఆపి, తీసేస్తాడు. "నడుమల లేసి రారాదా?"

"సగం శుక్రవారం ఎత్తుకొని యాడికి రాను? సగం దానికి లెక్క ఉండదు. పూజ ముగిస్తేనే నేను వచ్చినట్టు."

గౌస్ భాయ్ ఆలోచిస్తాడు. "అదీ నిజమే," అని గుమ్మం పక్కన గొంతుక్కూర్చుంటాడు.

ఆడవాళ్లు ఒకళ్ల నోరు ఒకళ్లు చూసుకోవడం మొదలుపెడతారు. నోరు తెరుస్తారు, నాలుక ఎత్తుతారు, మూస్తారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. లూర్దమ్మ బెంచీల వెంట ఒక్కొక్కరినీ చూసుకుంటూ నా దగ్గరికి వస్తుంది. నన్ను నోరు తెరవమనడానికి ఆవిడకు మొహమాటం.

"అక్కా, మీరు తిన్నారు గదా?"

నేను తల ఊపుతాను.

"మీరెందుకు తినరు లెండి," అంటుంది. "చదువుకున్నోళ్లు." నా పక్కన కూర్చుంటుంది.

నోటితో చెప్పలేదు కాబట్టి అది సగం అబద్ధమే అనుకోవడానికి ప్రయత్నిస్తాను. ముడి నా తొడ మీద ఊపిరి పీలుస్తోంది. చెవుల దగ్గర మొదలైన వేడి మెడ మీదుగా దిగి, జాకెట్టు చేతుల దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. ఇప్పుడు చెబితే రెండు తప్పులు చెప్పాలి. ఇంకాసేపు ఆగితే మూడు అవుతాయి. అది తెలిసి కూడా ఆగుతున్నాను.

లూర్దమ్మ చీర మీద నుంచి ఒక పువ్వు రాలి నేల మీద పడుతుంది. పువ్వు ఉన్న చోట వట్టి ఆకుపచ్చ గుడ్డ మిగులుతుంది. ఇంకొకటి రాలుతుంది. ఆవిడ వంగి వాటిని ఏరి ఒళ్లో వేసుకుంటుంది. కుచ్చిళ్ల మీద వరుస మొత్తం ఒక్కసారిగా రాలిపోతుంది. బియ్యంలో రాళ్లు ఏరినంత శ్రద్ధగా, బెంచీ కిందికి దొర్లినవాటిని కూడా వెతికి తీసుకుంటోంది. ఒక పువ్వు నా పాదం పక్కన పడుతుంది. ఆవిడ దాన్ని తీసుకోవడానికి నా పాదం మీద చెయ్యి ఆనిస్తుంది.

నేను లేచి నిలబడతాను.

"నా దగ్గరుంది ఫాదర్."

అందరూ తిరిగి చూస్తారు. తబలా ఆయన తబలా మీంచి చెయ్యి తీసేస్తాడు. ఆ చూపుల్లో కోపం వెతుక్కుంటాను. దొరికితే తేలిగ్గా ఉండేది. దొరకదు.

"ఎవరి కోసం దాచావమ్మా?" అంటారు ఫాదర్ రాయప్ప.

"మావారి కోసం."

"ఆయన అడిగారా?"

"లేదు. ఆయన ఎప్పుడూ అడగరు."

"మరి?"

"గుళ్లో పెట్టినదైనా, పెళ్లిలో పెట్టిన లడ్డూ అయినా, నేను అక్కడ తినను ఫాదర్. ఇంటికి తీసుకెళ్తాను. ఆయన తిన్నాక మిగిలింది తింటాను."

"మిగులుతుందా?"

దీనికి జవాబు చెప్పడం అన్నిటికంటే కష్టంగా ఉంది. ఆయన అక్కడే, అందరి ముందూ, చిరుగు బనీనులో పడుకుని ఉన్నారు. "ఒక్కోసారి," అంటాను.

లూర్దమ్మ కూర్చునే నా మొహంలోకి చూస్తుంది. "నేనడిగితే తల ఊపారు."

"ఊపాను."

"ఎందుకక్కా?"

"సిగ్గేసింది."

"మీ సిగ్గు మీదే అక్కా," అంటుంది లూర్దమ్మ. "శుక్రవారం నాది."

ముడి విప్పబోతాను. వేళ్లకు పట్టు చిక్కదు. లూర్దమ్మ ఒళ్లోని పూలు బెంచీ మీద పోసి, నా కొంగు అందుకుని, పళ్లతో కొరికి ముడి విప్పుతుంది. లోపల అప్పం అన్నం పళ్లెమంత అయింది. వెన్నెల్లా తెల్లగా ఉంది. అప్పుడే దింపినట్టు వెచ్చగా ఉంది.

"తినండి," అంటుంది.

అంతమంది చూస్తుండగా ఎవరికీ పెట్టకుండా తినడం నాకు అలవాటు లేదు. నోరు తెరుస్తాను. ఎంత తెరవాలో అంత తెరుచుకుంటుంది. అప్పం లోపలికి వెళ్లి నాలుక మీద నిలుస్తుంది. కరగదు. వెలుగుతూ ఉంది. నోరు మూతపడటం లేదు.

ఫాదర్ వచ్చి, కళ్లజోడు పైకి తోసుకుని, నా నోట్లోకి తొంగి చూస్తారు. చాలాసేపు చూస్తారు.

"లోపల ఇంకా పొద్దు ఎక్కలేదు," అని మిగతావాళ్లకు చెబుతారు. "అప్పం ఎక్కడుంటే పూజ అక్కడ ముగించాలి. రండి."

పెద్దవాళ్లకు ఎక్కడం కష్టం కాకుండా నేను నేలమీద బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనిస్తాను. ఫాదర్ అంగీ కాస్త ఎత్తిపట్టుకుని కింది పెదవి దాటుతారు. వెనక ఒక్కొక్కరే చెప్పులు నా గడ్డం దగ్గర విప్పి లోపలికి నడుస్తారు. చెయ్యి ఆసరా కోసం ముందుపళ్లు పట్టుకుంటున్నారు. నా నోట్లో నిన్నటి ఉల్లిపాయ వాసన ఉంది. దవడ దగ్గర పిప్పిపన్ను ఉంది. అది నేను ఇంట్లో ఎవరికీ చూపించలేదు. దాని పక్కగా వెళ్తూ ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. ఇంకొకావిడ పళ్ల సందులో ఇరుక్కున్న కరివేపాకు తీసి, పారేయడానికి చోటు కనబడక, చేతిలోనే పట్టుకుంటుంది. తబలా కాస్త అడ్డం తిరిగి, తర్వాత లోపలికి దూరుతుంది.

చివరగా లూర్దమ్మ వస్తుంది. పూలన్నీ కొంగులో మూటగట్టుకుంది. లోపలికి వెళ్లి వెనక్కి తిరుగుతుంది.

"మూసెయ్యండి అక్కా. గౌస్ భాయ్ చూస్తే లోపల కూడా టైమైపోద్ది."

నోరు మూస్తాను. ఈసారి తేలిగ్గా మూతపడుతుంది. లేచి కూర్చుంటాను.

మీనారు నుంచి మధ్యాహ్నం పిలుపు వినిపిస్తుంది. పావురాలు లేస్తాయి. ఆ పిలుపు నా చెవుల దాకా వచ్చి ఆగిపోతుంది, నోట్లోకి వెళ్లదు. నోట్లో వాళ్లు పాడుతున్నారు. ఇప్పుడు ఎవరి నిద్ర కోసమూ గొంతు తగ్గించడం లేదు. తబలా నా దవడ ఎముకకు తగులుతోంది. గొంతు విడిచి పాడితే వాళ్ల పాట ఇంత పెద్దదని నాకు ఇప్పుడే తెలుస్తోంది.

గౌస్ భాయ్ లేచి వస్తాడు. ఖాళీ బెంచీలు చూస్తాడు.

"లూర్దమ్మ యాడికి పోయిందమ్మా?"

తల అడ్డంగా ఊపుతాను. ఈ పూట తలతో చెప్పిన రెండో అబద్ధం ఇది. ఈసారన్నా సిగ్గు వెయ్యదేమోనని చూస్తాను. వేస్తుంది. ఆయన మంచివాడు. ఆవిణ్ణి వదిలేసి నమాజుకు పోలేడు, ఆవిడ లేకుండా మేడం ఇంటికీ పోలేడు. తాళాలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు.

మంచం కిర్రుమంటుంది. మావారు లేచి కూర్చుని, లుంగీ సరిచేసుకుంటారు.

"ఏదో తినమన్నావు?"

వేలితో నా నోరు చూపిస్తాను. నా బుగ్గ వైపు చూస్తారు. బుగ్గ తాళానికి తగ్గట్టు కదులుతోంది. వచ్చి పక్కన కూర్చుని, చెవి నా బుగ్గకు ఆనిస్తారు. గౌస్ భాయ్ కూడా రెండో వైపు, నన్ను తాకకుండా, కాస్త దూరంలో చెవి పెడతాడు.

"చాలామంది ఉన్నారు," అంటారు మావారు.

"అక్కడ ఇంకా యాళ్ల కాలేదనుకుంట," అంటాడు గౌస్ భాయ్. "నాకు సుత జరంత జాగ దొరుకుతదేమో అడుగున్రి. నమాజు చేసుకుని ఎల్లిపోతా."

లోపల పాట అయిపోతుంది. పూజ ముగుస్తుంది. లూర్దమ్మ శుక్రవారం లూర్దమ్మకు దక్కింది. అందరూ ఒక్కసారిగా హాయిగా కూర్చుంటున్న బరువు నాలుక మీద తెలుస్తుంది. కబుర్లు మొదలవుతాయి, ఎవరో నవ్వుతారు. వాళ్లకు ఇంకా బోలెడంత పొద్దుంది.

కాసేపటికి కబుర్లు తగ్గుతాయి. "ఊరికే కూర్చోడమెందుకే," అని లూర్దమ్మ ఎవరితోనో అంటున్న మాట అంగిట్లో వినిపిస్తుంది. కొంగులు నడుముకు దోపుకుంటున్న చప్పుడు. ఎక్కణ్ణుంచో నీళ్లు తెస్తున్నారు. ఒకావిడ ముందుపళ్లు తోముతోంది, ఒకావిడ నాలుక ఊడుస్తోంది. లూర్దమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఆ పిప్పిపన్నునే పట్టింది. లోపల గుంటలోకి వేలు పెట్టి, పీచుతో గట్టిగా, పాట కూనిరాగం తీస్తూ రుద్దుతోంది.

వద్దు, కూర్చోండి, ఇవాళ శుక్రవారం అని చెప్పాలి. చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే, బయట దాటిపోయిన మధ్యాహ్నం లోపలికి వచ్చేస్తుంది.

పెదవులు బిగపట్టి కూర్చున్నాను. నా కళ్లలోంచి సబ్బునీళ్లు కారుతున్నాయి. మావారు వాటిని లుంగీ కొసతో తుడుస్తూ, లోపల ఇంకొక్కరికి చోటుంటుందా అని అడుగుతున్నారు.